ఖాళీ పెట్టెలో కోణం

ఇల్లు,
ముసురు తెరిపిచ్చిన రోజు

పిట్టా,

నాలుగు రోజులు ముసురు పట్టి ఇవాళ పొద్దున తెరిపిచ్చింది. దొడ్లో అడుగు తీసి అడుగు వేస్తే బురద. మేకల కొట్టం మీద రేకు జారితే మీ బావ పైకెక్కి తాడేసి కట్టాడు. దిగేటప్పుడు జారి, జారలేదని నాతో వాదించాడు. నేను బడి పిల్లల చొక్కాలు మొదలుపెట్టాను. ఈసారి కాలర్‌కి వేరే గుడ్డ ఇచ్చారు. అది మిషన్ పాదం కింద నిలవకుండా జారుతూ నా ప్రాణం తీస్తోంది.

నువ్వడిగిన చొక్కాలు పార్సిల్ చేశాను. హుక్కులు లేవు, ఇనుప బొత్తాలు లేవు, చెక్కవే పెట్టాను. నాడా చివర ఉండే రేకు ముక్క కూడా పీకేశాను. మీ బావ చూసి, "ఇదేం కొలువే, పిన్నీసు పెట్టుకుంటే ఇంటికి పంపిస్తారా?" అన్నాడు. నాకేం తెలుసు, నువ్వే చెప్పాలి.

అమ్మ మిషన్ సొరుగు సర్దాను. అమ్మ పోయి రెండేళ్లయినా ఇప్పటిదాకా చెయ్యి ఆడలేదు. లాడం లాంటి ఆ అయస్కాంతం అందులోనే ఉంది. రంగు ఊడిపోయింది కానీ గుండుసూదుల్ని ఇంకా వదల్లేదు. నీ చదువంతా దాంతోనే మొదలైందని చెప్పుకుంటావు కదా, కావాలంటే పంపిస్తాను.

ఫోన్ చేస్తే బాగున్నానని పెట్టేస్తావు. ఉత్తరం రాయి. ఉత్తరంలో అయితే నువ్వేం దాస్తున్నావో నాకు తెలిసిపోతుంది.

అక్క


క్వార్టర్లు,
ఆదివారం

అక్కా,

చొక్కాలు సరిపోయాయి. మా మెకానిక్ ఒకడున్నాడు, అందరూ నట్టు అంటారు. అసలు పేరేంటో జీతమిచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. నా చొక్కా చూసి తనకీ ఒకటి కుట్టించమన్నాడు. కొలతలు పంపిస్తాడట, పొట్ట కొలత మాత్రం నువ్వే ఊహించుకోవాలట.

బావ అడిగినదానికి జవాబు. మా దగ్గర రియాక్టర్‌లోంచి న్యూట్రాన్లు ఒక గొట్టం వెంట మా హాల్లోకి వస్తాయి. ఒక్కోటీ ఒక బొంగరం అనుకో. వాటి తలలన్నీ ఒకే వైపు ఉండేలా చేసి పంపిస్తాం. దారిలో ఒక పెట్టె ఉంటుంది, అందులో మేం పెట్టిన పదార్థం ఉంటుంది. బొంగరం ఊగుతూ తల తిప్పుతుంది చూడు, అలా ఇవి ఆ పదార్థంలోంచి నడిచేటప్పుడు తల కొంచెం తిప్పుకుంటాయి. లోపలున్న పరమాణు కేంద్రకాలు వాటిని ఆపవు, గుద్దవు. పక్కన ఉన్నట్టు తెలియజేస్తాయి, అంతే. బయటికొచ్చాక తల ఎంత తిరిగిందో ఆ కోణం కొలుస్తాం. ఆ కోణాన్నిబట్టి కేంద్రకం న్యూట్రాన్‌తో ఎలా మసలుకుందో తెలుస్తుంది. నా ఉద్యోగం అంతే.

చిక్కేమిటంటే, అయస్కాంతం ఏదైనా బొంగరం తల తిప్పేస్తుంది. అందుకని పెట్టె చుట్టూ ప్రత్యేకమైన రేకు పొరలు చుట్టాం. మేం కూర్చునే బల్ల పెట్టెకి దగ్గరే, మధ్యలో గోడ ఉన్నా సరే ఇనుము తేకూడదు. తాళాలు, బెల్టులు, జడపిన్నులు అన్నీ బయటి బుట్టలో పడేసి వస్తాం. సాయంత్రం బుట్టలో ఎవరి తాళం ఎవరిదో తేలక కొట్టుకుంటాం.

కొలిచే ప్రతిసారీ పెట్టెలో పదార్థం తీసేసి ఖాళీ పెట్టెతో ఒకసారి కొలుస్తాం. ఖాళీ పెట్టెలో తల తిరక్కూడదు. ఈమధ్య తిరుగుతోంది. చాలా కొంచెమే. అందరి డ్యూటీలోనూ కాదు, నా డ్యూటీలో. నట్టు నవ్వుతూ, "మీతో పాటు ఎవరో లోపలికి వస్తున్నారు మేడం, వాళ్ల పేరు రిజిస్టర్లో రాయించండి" అన్నాడు.

వానలు తగ్గాక ఒక పెద్ద అయస్కాంతం వస్తుంది. దాంతో పెట్టెలోని కేంద్రకాల్ని కూడా వరసలో నిలబెడతాం. అప్పుడు కోణం ఇప్పటికన్నా ఎన్నో వేల రెట్లు పెరుగుతుంది. మొదటిసారి దానికి కరెంటిచ్చే రోజు పక్కన నిలబడాల్సింది నేను. మా ప్రయోగం నడిపే పెద్దాయన మాటిచ్చాడు. నేనీ హాల్లో అడుగుపెట్టింది ఆ రోజు కోసమే. ఆలోపు ఈ ఖాళీ పెట్టె సంగతి తేల్చాలి.

అయస్కాంతం నీ దగ్గరే ఉంచు. ఇక్కడికి తెస్తే నట్టు గుండె ఆగిపోతుంది.

నీ పిట్ట


ఇల్లు,
బుధవారం

పిట్టా,

ఎండ కాస్తోంది. మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళకి చిలకలు దిగాయి. మీ బావ పొద్దున్నుంచీ డబ్బా వాయిస్తూ పొలంలోనే ఉన్నాడు. చిలకలకి ఆ వాయింపు నచ్చినట్టుంది, పక్క చేలవి కూడా ఇటే వచ్చాయి. కాలర్లు అయిపోయాయి. నట్టుకి చెప్పు, పొట్ట కొలత ఊహించడం నా వల్ల కాదు, దారం ముక్క చుట్టి పంపించమను.

నువ్వు రాసింది మీ బావకి చదివి వినిపించాను. "అంటే ఖాళీ పెట్టెలో ఏముందో చూడ్డానికి జీతమిస్తున్నారా? నేను ఖాళీ గాదె రోజూ చూస్తున్నాను, నాకెవరిస్తారు?" అన్నాడు.

చొక్కాల్లో సూది ఏమైనా వదిలేశానేమో అని భయమేసింది. అలా జరగదు. లేచేముందు సూదులు చూసుకుని గానీ లేవను, అమ్మ పట్టుబట్టి నేర్పిన అలవాటు. అయినా ఒకసారి కుట్లన్నీ నొక్కి చూడు.

ఇంకో సంగతి. చిన్నప్పుడు గట్టిగా ఊపిరి పీలిస్తే వీపులో పొడిచినట్టు ఉందనేదానివి. ఇప్పుడూ ఉందా?

అక్క


హాలు పక్క గది,
సెలవు రోజు

అక్కా,

ఇవాళ ఇక్కడ నట్టూ నేనూ తప్ప ఎవరూ లేరు. పెద్దాయన అయస్కాంతాన్ని వెంటబెట్టుకుని రావడానికి వెళ్లాడు. ఈ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఫ్యాను తిరిగితే కాయితాలు ఎగురుతాయి, తిరక్కపోతే మేం ఉడుకుతాం. నీకు రాసేటప్పుడు కాయితం మీద మోచెయ్యి పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే అందుకే.

నువ్వడిగినట్టు కుట్లన్నీ నొక్కి చూశాను. ఏమీ లేదు. చొక్కా మార్చాను, అదే కోణం. తలస్నానం చేసి, చెప్పుల్లేకుండా, దుప్పటి చుట్టుకుని వచ్చాను. అదే కోణం. బల్ల దగ్గర నేల మీద సుద్దముక్కతో గీత గీశాం. నట్టు గీత మీద నిలబడ్డాడు, పెట్టెలో సున్నా. వాడి పన్నుకి తొడుగుంది. అది బంగారమని ఇన్నాళ్లూ చెప్పుకున్నాడు, ఏ లోహమైనా అయస్కాంతానికి లొంగేది కాదని మాత్రం తేలింది. తర్వాత గేటు కాపలా అతన్ని బతిమాలి తాళాలు తీయించి నిలబెట్టాం. సున్నా. నేను నిలబడ్డాను. కోణం వచ్చింది.

నట్టు తెర మీద చూస్తూ అంకెలు పైకి చదువుతున్నాడు. నాకు ఏం తోచిందో, గీత మీద అక్కడే వెనక్కి తిరిగి పెట్టెకి వీపు పెట్టి నిలబడ్డాను. వాడు చదవడం ఆపేశాడు. ఏమైంది అంటే, "అంకె ముందు గుర్తు మారింది మేడం, ప్లస్ మైనస్ అయింది. మీరు తిరిగితే అదీ తిరిగింది" అన్నాడు. మళ్ళీ ఇటు తిరిగాను. మళ్ళీ మారింది. ఆ తర్వాత వాడు జోకులెయ్యలేదు. భోజనానికి కూర్చుంటే తన పళ్లెం తీసుకుని గుమ్మం దగ్గరికి పోయి తిన్నాడు. గాలి కోసం అన్నాడు. గుమ్మం దగ్గర గాలి లేదు.

పాత కొలతలు తిరగేశాను. నేను చేరిన రోజు నుంచీ నా డ్యూటీల్లో అది ఉంది. మొదట్లో మరీ తక్కువ కాబట్టి పొరపాటు కింద పోయింది. ఈ ఏడాది దాని దిక్కు కొంచెం కొంచెంగా మారుతూ వచ్చింది. ఉన్నచోట ఉండే వస్తువు అలా చెయ్యదక్కా. అది నడుస్తోంది.

నేను అలాంటివి నమ్మే మనిషిని కాదని నీకు తెలుసు. ఒంట్లో ఇనుము ఉండాలి, అంతకంటే వేరే దారి లేదు. కానీ నాకు ఆపరేషన్ ఎప్పుడూ జరగలేదు, దెబ్బలు తగల్లేదు. గేటు దగ్గర తనిఖీ యంత్రం ఒక్కసారి కూడా కూయలేదు. నీకు తెలిసి ఏమైనా ఉందా?

ఇంకోటి రాయాలా వద్దా అని చూస్తున్నాను. పెట్టెకి వీపు పెట్టి నిలబడ్డప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. దీపాలు పెట్టే వేళ నన్ను ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని ఆ అయస్కాంతం వీపు మీద నడిపించేది కదా. "పాము వస్తోంది, పాము వస్తోంది" అని మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి తెచ్చేది. ఎడమ రెక్క ఎముక దగ్గరికొచ్చేసరికి చక్కిలిగింత పెట్టేది. లోపల్నుంచి ఎవరో చిటికెనవేలితో పిలిచినట్టు ఉండేది. అక్కడ అమ్మ చెయ్యి ఆగేది. ఇవాళ గీత మీద నిలబడితే సరిగ్గా ఆ చోటే నాకు తెలిసింది.

ఊపిరి గురించి ఎందుకడిగావు?

పిట్ట


ఇల్లు,
గాలివాన తర్వాత

పిట్టా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. మధ్యలో గాలివాన. కంకులున్న మొక్కజొన్న సగం పడుకుంది, మేమిద్దరం లేపి కట్టలు కట్టాం. పని ఉందని రాయలేదనుకోవద్దు. ఎలా రాయాలో తెలీక రాయలేదు.

నువ్వప్పటికి బోర్లా పడ్డం కూడా నేర్చుకోలేదు. నాకు ఏడేళ్లు. అమ్మ గుడ్డల మధ్య కూర్చుని ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. కుట్టేది ఆపాల్సి వస్తే సూదిని గుండెల దగ్గర బట్టకి గుచ్చుకునేది, దారంతో సహా. కుట్టుపని చేసేవాళ్లం అందరం చేసేదే, నేనూ చేస్తాను. నువ్వు ఏడ్చావు. అమ్మ లేచి నిన్ను ఎత్తుకుంది. నీకు మేకపిల్లలు కనపడాలని మొహం ముందుకి తిప్పి, వీపు తన గుండెకి ఆనించి గట్టిగా పట్టుకుంది. నువ్వు కెవ్వుమన్నావు. అంత చిన్న ప్రాణంలో అంత గొంతు ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

కాసేపటికి నిన్ను కిందికి దించి సూది కోసం చూసుకుంది. లేదు. దారం నీ చొక్కా వీపు మీద వేలాడుతోంది. అమ్మ లాగింది. దారం ఒక్కటే చేతిలోకి వచ్చింది. చొక్కా విప్పి చూస్తే ఎడమ రెక్క పక్కన ఎర్రగా ఒక చుక్క. రక్తం కూడా రాలేదు.

వైద్యుడు కడుపునొప్పి అని మందు పోశాడు. సూది సంగతి అమ్మ ఆయనకి చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు. ఇల్లంతా ఊడ్చి, ఊడ్చిన దుమ్ము జల్లెడ పట్టింది. తర్వాత మోటార్లు బాగుచేసే అతని దగ్గర్నుంచి అయస్కాంతం తెచ్చి నేలంతా నడిపించింది. ఆ తర్వాత నీ వీపు మీద నడిపించింది. నువ్వు నవ్వేదానివి. కొన్నాళ్లకి నాతో, "సూది దొరికిందిలేవే, గడప సందులో ఉంది, ఎవరికీ చెప్పకు" అంది. నేను సరే అన్నాను.

కానీ నువ్వు హాస్టలుకి పోయేదాకా రోజూ ఆ పాము ఆట ఆడింది. దొరికిన సూదిని మళ్ళీ ఎందుకు వెతుకుతోందో నేను అడగలేదు.

ఎక్స్‌రే తీయించు. ఇవాళే వెళ్లు. ఊపిరి సంగతికి నువ్వు జవాబు రాయలేదు, అంటే పొడుస్తోందన్నమాట.

అక్క


క్వార్టర్లు,
బుధవారం

అక్కా,

ఎక్స్‌రే అక్కర్లేకుండానే దాన్ని చూశాను. గీత మీద వేర్వేరు వైపులకి తిరిగి నిలబడి, ముందుకీ వెనక్కీ జరిగి, ప్రతిసారీ కోణం రాసుకున్నాను. లెక్క కడితే పొడవు చిటికెనవేలి చివరి రెండు కణుపులంత. మొన కిందికి, ముందుకి వాలి ఉంది, చెవి వెనక పైకి. ఎడమ రెక్క ఎముక దగ్గర ఉండాల్సింది అక్కడ లేదు. లోపలికి దిగింది. గుండెకి దగ్గరగా ఉంది.

ఒకటే అర్థం కాలేదు మొదట. ఉత్త సూదికి అంత బలం ఉండదు. మా రేకు పొరలు దాటి పెట్టె లోపలికి చేరాలంటే అది తానే ఒక అయస్కాంతమై ఉండాలి. సూదిని అయస్కాంతం చెయ్యడం చిన్నపిల్లలు కూడా చేస్తారు. మరో అయస్కాంతంతో ఒకే వైపుకి పదే పదే రాయాలి. అమ్మ ఎప్పుడూ మెడ నుంచి కిందికే తెచ్చేది, గుర్తుందా? కింద నుంచి పైకి ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. పాము దిగడమే గానీ ఎక్కడం లేదు. వెతికిన ప్రతి సాయంత్రం అమ్మ దానికి కొంచెం కొంచెం బలం ఎక్కించింది. వెతక్కపోయి ఉంటే మా పరికరానికి అది ఎప్పటికీ కనపడేది కాదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. నట్టుకి కూడా, పరికరంలో లోపం దొరికిందని చెప్పాను. నమ్మినట్టు తలూపాడు, మళ్ళీ నా బల్ల దగ్గర కూర్చుని తింటున్నాడు.

అయస్కాంతం వచ్చింది. చెక్కపెట్టెలోంచి తీశారు. గదంత ఉంది. వచ్చే సోమవారం కొద్ది కరెంటుతో చూసి, తర్వాతి వారం పూర్తిగా ఇస్తారు. ఆ రెండు వారాలు గడవనీ. ఇన్నేళ్లు ఉన్నది రెండు వారాలు ఉండలేదా? పెద్దాయనకి తెలిస్తే ఆ నిమిషమే హాల్లోంచి పంపించేస్తాడు. మళ్ళీ ఎప్పటికి రానిస్తాడో తెలీదు. నేను దూరంగానే నిలబడతాను. నువ్వు కంగారుపడకు.

పిట్ట


ఇల్లు,
ఆదివారం

పిట్టా,

ఇవాళ ఎండ బాగా కాసింది. పని ఏమీ చెయ్యలేదు. నీ ఉత్తరం చదివాక ఒక పని చేశాను, అది రాస్తాను.

పొయ్యి అలకడానికి తెచ్చిన మట్టి ఉంది. మెత్తగా కలిపి పెద్ద ముద్ద చేశాను. కాజాలు కుట్టే సూది తీసుకుని, నువ్వు చెప్పినట్టు అమ్మ అయస్కాంతంతో కాసేపు ఒకే వైపుకి రాసి, చెవి కూడా కనపడకుండా ముద్దలో నిలువుగా గుచ్చేశాను. తర్వాత అయస్కాంతం పక్కనుంచి ఆనించి పెట్టాను. మీ బావ చూస్తున్నాడు. ముందేమీ అవలేదు. ఆయన నవ్వబోయాడు. ఇంతలో ముద్ద మీద చిన్న బొడిపె లేచింది. అది పగిలి మొన బయటికొచ్చింది. లోపల సూది పక్కకి తిరిగింది పిట్టా. నేను నిలువుగా పెట్టిన సూది అడ్డంగా తిరిగి, దారి చేసుకుని వచ్చింది.

ఇది నా అరచేతిలో పట్టే అయస్కాంతం. మీది గదంత ఉందన్నావు. అది మట్టి, నువ్వు మట్టివి కాదు.

మీ బావ లేచి అటక మీంచి నా బ్యాగ్ దించాడు. ఈ ఉత్తరం నీకు చేరేలోపు నేనే చేరతానేమో. మీ పెద్దాయనకి నువ్వు చెప్తావా, నన్ను గేటు దగ్గర నిలబడి చెప్పమంటావా?

అక్క


ఆస్పత్రి వరండా,
మంగళవారం

అక్కా,

నువ్వు బయల్దేరావని బావ ఫోన్ చేసి చెప్పాడు. రైలు ఆలస్యమట. నువ్వొచ్చేసరికి నన్ను లోపలికి తీసుకెళ్లి ఉండొచ్చు, అందుకని రాసి నర్సు దగ్గర పెడుతున్నాను. ఎదురుగా ఉంటే ఇది చెప్పలేను కూడా.

నిన్న సోమవారం హాల్లోకి వెళ్లాను. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. గీతకి చాలా దూరంగా, తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్దాయన మీట తిప్పాడు. పూర్తి బలంలో వందో వంతు కూడా కాదు. అయస్కాంతం చప్పుడు చెయ్యదు, హాలు ఎప్పట్లాగే ఉంది. పంపు మోగుతోంది, ఎవరో తుమ్మారు.

అప్పుడు వెనక నుంచి ఎవరో నన్ను మెల్లగా తిప్పారు. తిప్పినట్టు అనిపించింది అనాలేమో. పిల్లల్ని భుజం పట్టుకుని తిప్పుతారే, అటు కాదు ఇటు చూడు అని, అలా. నొప్పి తర్వాత వచ్చింది. ముందు నాకు భయం కూడా వెయ్యలేదు. బాగా తెలిసిన చెయ్యి అది. నేను తలుపు వైపు కాకుండా అయస్కాంతం వైపు ఒక అడుగు వేశాను. ఎందుకు వేశానో చెప్పలేను. ఇంకో అడుగు వెయ్యబోతుంటే నట్టు, "మేడం, మీరు ఎటు వెళ్తున్నారు?" అన్నాడు. మామూలు గొంతుతోనే అడిగాడు. ఊపిరి తీద్దామంటే సగంలో ఆగింది.

"కట్టేయండి" అన్నాను. పెద్దాయన కట్టేశాడు.

బయట మెట్ల మీద కూర్చుని ఆయనకి అంతా చెప్పాను. సూది, ఖాళీ పెట్టె, అమ్మ. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నాడు. "తెలిసి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. చెప్పాను. "నీ డ్యూటీ కొలతలన్నీ తీసేయాలి" అన్నాడు. తెలుసన్నాను. "వచ్చే వారం నువ్వు ఉండవు." అదీ తెలుసన్నాను. కళ్లజోడు మళ్ళీ పెట్టుకుని, "మీ అమ్మగారు ఉన్నారా?" అని అడిగాడు. లేరన్నాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నట్టు తన బండి మీద నన్ను ఇక్కడికి తెచ్చాడు. దారిలో గోతులొచ్చినప్పుడల్లా దిగి బండి నడిపించాడు, నన్ను మాత్రం దిగనివ్వలేదు.

ఎక్స్‌రే తీశారు. నేను లెక్క కట్టిన పొడవే. ఉన్న చోటు మాత్రం నా లెక్కకి కొంచెం లోపలికి, కొంచెం వంకరగా ఉంది. నిన్న తిరిగిందన్నమాట. గుండె మీది పొరకి ఆనుకుని ఉంది, ఆలస్యం చెయ్యకూడదన్నారు. ఆపరేషన్ రేపో ఎల్లుండో అనుకున్నాను. ఇవాళే, మధ్యాహ్నంలోపే అంటున్నారు.

నీ సంచిలో ఆ అయస్కాంతం లేదు కదా?

పిట్ట


ఇల్లు,
మొదటి చలి రోజు

పిట్టా,

నీ దగ్గర నెల ఉండి వచ్చేసరికి ఇక్కడ చలి దిగింది. మొక్కజొన్న మీ బావ ఒక్కడే కోయించాడు. చిలకలు వదిలింది ఇంటికొచ్చింది. నేను లేని నెలలో ఆయన వంట నేర్చుకున్నానంటాడు. గిన్నెలు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. ఇవాళ పాత మిషన్‌కి నూనె వేసి, నట్టు చొక్కా మొదలుపెట్టాను. దారం ముక్క పంపించాడు. రెండుసార్లు చుట్టి కొలిచాడేమో అనిపించింది.

కుట్టు మానిందా? బరువులు ఎత్తకు. మీ డాక్టరు చెప్పాడని కాదు, నేను చెప్తున్నాను.

సూది నాతో తెచ్చుకున్నాను కదా. నల్లగా ఉంది, చెవి దగ్గర తుప్పు. అయినా విరగలేదు. నిన్న మధ్యాహ్నం దాని చెవికి దారం ఎక్కిద్దామని చూశాను. తుప్పుతో మూసుకుపోయి దారం పట్టలేదు. నడుముకి దారం కట్టి కిటికీకి వేలాడదీశాను. కాసేపు ఊగి, మొన గోడ వైపు పెట్టి ఆగింది. నేను వేలితో ఇటు తిప్పాను. మళ్ళీ వెళ్లి అటే ఆగింది. మీ బావ తిప్పాడు. అటే. అది ఉత్తరం దిక్కని, సూదికి అయస్కాంతం పడితే అలాగే చేస్తుందని నువ్వు చెప్తావు, నాకు తెలుసు. కానీ అమ్మ మంచం ఉండేది ఆ గోడ వారనే.

మీ బావ దాన్ని దించేయమన్నాడు. దించి సొరుగులో పెట్టాను. అయస్కాంతం ఒక సొరుగులో, అది ఒక సొరుగులో. ఒకదాని దగ్గర ఒకటి పెట్టబుద్ధి కాలేదు.

మళ్ళీ హాల్లోకి రానిస్తారా? అది రాయి. దాచకు.

అక్క


హాలు పక్క గది,
గురువారం

అక్కా,

ఇక్కడా చలే. ఫ్యాను ఆపేశాం, కాయితాలు బల్ల మీద కుదురుగా ఉన్నాయి. పొద్దున రియాక్టర్ మొదలుపెట్టారు, మధ్యాహ్నానికి న్యూట్రాన్లు వచ్చాయి. కుట్టు మానింది. బరువులు నట్టు ఎత్తుతున్నాడు, ఎత్తిన ప్రతిసారీ నీ పేరు తలుచుకుంటున్నాడు.

నేను ఆస్పత్రిలో ఉండగా అయస్కాంతానికి పూర్తి కరెంటిచ్చారు. పక్కన పెద్దాయన నిలబడ్డాడు. కోణం మేం అనుకున్నంత వచ్చింది. ఆ కాయితం నాకు చూపించారు. నా డ్యూటీ కొలతలు ఒక్కటీ అందులో లేవు. అలా ఉండడమే న్యాయం. అయినా కాసేపు ఏమీ తినబుద్ధి కాలేదు.

మళ్ళీ రానివ్వాలంటే గీత మీద నిలబడాలన్నాడు పెద్దాయన. ఇవాళ నిలబెట్టారు. సుద్దగీత చెరిగిపోతే నట్టు కొత్తగా గీశాడు. పెద్ద అయస్కాంతానికి కరెంటు కట్టేసి ఉంది, పెట్టె ఖాళీ. నీ చొక్కానే వేసుకున్నాను. పెట్టె వైపు మొహం పెట్టి నిలబడితే సున్నా వచ్చింది. వెనక్కి తిరిగాను, సున్నానే. పెద్దాయన "సోమవారం నుంచి డ్యూటీకి రా" అని వెళ్లిపోయాడు.

నేను గీత మీదే ఉండిపోయాను. వీపు మీద గాలి తగులుతున్నట్టు ఉంది. ఇన్నాళ్లూ అక్కడ గాలి తగల్లేదని ఇవాళే తెలిసింది.

నట్టు తెర మీద సున్నా చూస్తూ, "మీతో వచ్చేవాళ్లు వెళ్లిపోయినట్టున్నారు మేడం" అన్నాడు. ఈసారి నవ్వలేదు. రిజిస్టర్ తెరిచి, "ఎప్పుడు వెళ్లారని రాయమంటారు?" అని అడిగాడు.

ఆపరేషన్ అయిన మంగళవారం, మధ్యాహ్నం భోజనాలకి ముందు అని చెప్పాను.

పిట్ట